నేలకు చెవి పెట్టిన రోజులు

నాకు వచ్చింది ప్రాణం తీసే జబ్బు కాదు. ముందే చెప్పేస్తున్నాను, ఎవరూ బెంగపడి చదవనక్కరలేదు. కాలు విరగలేదు, కన్ను పోలేదు, మంచం పట్టలేదు. ఒక శబ్దం వినపడింది, అంతే. ఎక్కడినుంచి వస్తున్నదో తెలియని శబ్దం, నాకు తప్ప ఇంకెవరికీ వినపడని శబ్దం. ఈ మాత్రానికి ఇంత రాయాలా అంటే, రాయాలి. ఆ శబ్దం కంటే దాన్ని దాచుకోవడానికి నేను పడిన పాట్లు ఎక్కువ. దానివల్ల ఒక పాలెం మొత్తం పడిన శ్రమ ఇంకా ఎక్కువ. ఇప్పటికీ అది గుర్తొస్తే అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోతుంది. ఇట్లాంటి రొద చెవిలో పెట్టుకుని, ఎవరికీ చెప్పుకోలేక తిరిగేవాళ్లు ఎక్కడైనా ఉంటే, వాళ్లు నాకంటే ముందుగా నోరు తెరవాలని నా కోరిక.

అప్పుడు నేను మార్కాపురానికి పడమట ఒక ఊరి పాలెంలో బడిపంతుల్ని. యుద్ధం నడుస్తున్న రోజులు, కిరసనాయిలుకు కటకటగా ఉండేది. మాది అర్ధవీడు. నాయన ఊరివాళ్ల పశువులు కాసేవాడు. మిషను బడి పుణ్యాన నాకు నాలుగు అక్షరాలు అబ్బాయి, ఆ అక్షరాలతోనే నాకూ నా భార్య రత్నమ్మకూ ఇంత కూడు. బడి, గుడి ఒకటే ఇల్లు. ఆదివారం ఆరాధన, మిగతా రోజులు అ ఆ ఇ ఈ. పాస్టరుగారు రాని ఆదివారాల్లో వాక్యం కూడా నేనే చెప్పేవాణ్ని. మనిషి తన గొంతు తాను వింటూ బతకడానికి అలవాటు పడితే కొంచెం గీర వస్తుంది. నాకు కొంచెం కాదు, బాగానే వచ్చింది.

పాలెంలో బావి లేదు. ఊళ్లో ఉంది గానీ దాని గట్టు మావాళ్లు ఎక్కకూడదు. ఆడవాళ్లు కడవలు కింద పెట్టుకుని దూరంగా నిలబడాలి. నీళ్లు తోడుకోవడానికి వచ్చిన ఊరి ఆడవాళ్లలో ఎవరికైనా మనసైతే ఎత్తునుంచి పోస్తారు. మనసు కాకపోతే ఇంకొకరు వచ్చేదాకా ఎండలో నిలబడాలి. ఎండాకాలం వస్తే పాలెంలో ఏ ఆడమనిషికీ ఒంటిపూట కూలి కూడా నిలిచేది కాదు, నీళ్ల దగ్గరే పొద్దు గడిచిపోయేది. మాకంటూ ఒక బావి ఉండాలన్నది పాలెంలో పుట్టిన ప్రతి మనిషి కోరిక. గుడి వెనక సంఘానికి కొంత జాగా ఉంది. అందులో ఎక్కడ తవ్వాలో ఎవరికీ తెలియదు.

రొద మొదలైంది జొన్నకోతల కాలంలో. అంతకుముందు వానాకాలంలో నాకు అడవి జ్వరం వచ్చి, తగ్గి, మళ్లీ వచ్చింది. మావైపు నల్లమల గాలి సోకిన ఊళ్లలో అది మామూలే. పోస్టాఫీసులో అమ్మే కొయినా, అదే క్వినైను మందు, తెచ్చుకుని మింగాను. ఎక్కువ మింగితే ఎక్కువ మేలనుకునే రకం నేను. జ్వరం పోయినా కొయినా మానలేదు.

ఒక మధ్యాహ్నం పిల్లలు సంగటి తినడానికి ఇళ్లకు పోయారు. బడిలో నేనొక్కడినే. ఎవరో దూరంగా విసుర్రాయి తిప్పుతున్నట్టు, ఆపకుండా, ఒకే తీరుగా ఒక రొద. ఎట్లా ఉంటుందని అడిగితే ఇట్లా చెప్తాను: గూడ్సు బండి ఇంకా కంటికి కనపడక ముందు పట్టాల పక్కన నిలబడితే కాళ్లకింద ఒక అదురు తెలుస్తుంది చూడండి, అది చెవిలోకి ఎక్కినట్టు. తేడా ఏమిటంటే ఈ బండి రాదు, పోదు.

మా పక్కింటి మార్తమ్మ కూలి లేని రోజుల్లో మధ్యాహ్నంపూట జొన్నలు విసురుకునేది. మొగుడు పోయి చాలాకాలమైన మనిషి, అందరికీ అత్తే. ఆమె రాయే అనుకుని పోయి గడపలో నిలబడ్డాను.

"అత్తా, ఆ రాయి కాసేపు ఆపుతావా?"

"ఆపినా లే అయ్యా. ఏంది, తలనొప్పా?"

రాయి ఆగింది, రొద ఆగలేదు. నాకు తలనొప్పి లేదు. అయినా "అవునత్తా" అని ఇంటికొచ్చాను. మర్నాడూ పోయాను, ఆ మర్నాడూ పోయాను. వారం తిరక్కుండా రత్నమ్మ నన్ను నిలదీసింది.

"మార్తమ్మత్త జొన్నల చాట నెత్తిన పెట్టుకోని ఆ కొసన దీనమ్మోళ్ల ఇంటికి పోయి విసురుకుంటాంది. పంతులయ్యకు తలనొప్పి అంట గదా! మీకెప్పుడొచ్చింది తలనొప్పి?"

నేనేదో సణిగాను. ఆ ముసలామెను పిలిచి, మీ ఇంట్లోనే విసురుకో అత్తా, తప్పు నీ రాయిది కాదు అని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. చెప్పలేదు. చెబితే మరి తప్పు దేనిదని అడుగుతుంది గదా.

తర్వాత తేనెటీగలు అనుకున్నాను. ఇంటి కప్పులో ఎక్కడో పట్టు పెట్టి ఉంటాయని నిచ్చెన వేసి ఒక మూల కప్పిన బోదగడ్డంతా పీకేశాను. ఈగలు లేవు. ఎలుక గూడొకటి దొరికింది, ఆ వారంలోనే మబ్బు పట్టి నాలుగు చినుకులు పడితే ఆ మూలనుంచి నీళ్లు కారి రత్నమ్మ పిండి తడిసిపోయింది. ఇంకొకరోజు ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంటే, "ఎందుకట్ల మూలుగుతున్నావు?" అని కసిరాను. ఆమె ఊదుగొట్టం కింద పెట్టి నా ముఖంలోకి చూసింది.

"నేను మూలగలే. నోరు గూడా తెరవలే. మీకేంది వినపడ్తాంది?"

అప్పుడు చెప్పాను. ఆమె లేచి వచ్చి నా చెవి దగ్గర తన చెవి పెట్టి వింది, నా తలలోంచి అది బయటకు వస్తుందేమోనని. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు ఏడుపొచ్చింది. "డాక్టరు దగ్గరికి పోదాం" అంది. వద్దన్నాను. మా అమ్మ తమ్ముడు ఒకాయన ఎవరో పిలుస్తున్నారని చేలవెంట పరుగెత్తేవాడు. ఆయన్ను పశువుల కొట్టంలో గుంజకు కట్టేసి కూడు పెట్టారు, ఆ గుంజ దగ్గరే పోయాడు. లేనిది వినపడేవాణ్ని ఏమంటారో నాకు తెలుసు. అట్లాంటివాడికి పిల్లల్ని ఎవరు అప్పజెప్తారు? ఎవరికీ చెప్పొద్దని రత్నమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. ఆమె మాట తప్పే మనిషి కాదు. ఆ ఒట్టు వేయించుకున్నందుకు నేను ఇప్పటికీ సిగ్గుపడతాను, ఎందుకంటే తర్వాత జరిగినదంతా నోరు కుట్టేసుకుని చూడాల్సి వచ్చింది ఆమెకే.

ఈస్టరుకు ముందు ఉపవాసముండే శ్రమదినాలు వచ్చాయి. రొద పెరిగింది. బయట గాలిలో లేదు, ఇంట్లో లేదు, ఇక నేలలో ఉందేమో చూద్దామని ఒక తెల్లవారుజామున గుడి వెనక జాగాలో బోర్లా పడుకుని నేలకు చెవి ఆనించాను. రొద గట్టిగా వినపడింది. ఒక చెవి మూస్తే లోపలి శబ్దం పెద్దదవుతుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. లేచి, నాలుగడుగులు వేసి, మళ్లీ పడుకున్నాను. తల ఎత్తేసరికి సంఘపెద్ద యాకోబు తాత పలుగు భుజాన వేసుకుని కూలికి పోతూ నిలబడి నన్నే చూస్తున్నాడు.

"ఏంది పంతులయ్యా, నేలకు చెవి పెట్టినావు?"

"ఏదో రొద వినపడ్తాంది తాతా" అన్నాను. నిజమే చెప్పాను. నా జబ్బు గురించి ఇంటి బయట నేను పలికిన మొదటి నిజం అదే, అదే నా కొంప ముంచింది.

తాత పలుగు దించాడు. "నేలలోనా?"

మావైపు నీళ్లు చూసేవాళ్లు రకరకాలు. వేప పంగ పట్టుకుని నడిచేవాళ్లున్నారు, నేలకు చెవి పెట్టి వినేవాళ్లూ ఉన్నారు. అందరికంటే పేరున్నవాడు పొదిలి పక్కన ఒకాయన. టెంకాయ అరచేతిలో పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు. నీళ్లున్న చోట టెంకాయ దానంతటదే లేచి నిలబడుతుందంటారు. ఆయన పాలెంలోకి రాడు. వచ్చినా మా సంఘం ఒప్పుకోదు, అది విగ్రహాల పని కిందికి వస్తుంది. ఒక కరువులో యాకోబు తాత చాటుగా ఆయన్ను ఊరి పొలిమేర దాకా పిలిపించాడని తెలిసి, పాస్టరుగారు తాతను కొన్నాళ్లు ప్రభుబల్లకు, రొట్టే ద్రాక్షరసమూ పంచే చోటికి, రానివ్వలేదు. అప్పటినుంచి బావి మాట ఎత్తితే తాత తల దించుకునేవాడు. టెంకాయ పనికిరాదు, పంగ పనికిరాదు, ఇంక మాకు నీళ్లు చూపించేది ఎవరు? అట్లాంటి మనిషికి, వాక్యం చెప్పే పంతులు తెల్లవారుజామున గుడి జాగాలో నేలకు చెవి పెట్టి కనపడ్డాడు. రొద వినపడుతోందన్నాడు.

తాత కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "దేవుడు మనకు టెంకాయ ఇయ్యలే, చెవి ఇచ్చినాడు" అన్నాడు.

కాదు తాతా, నాకు ఒంట్లో బాగాలేదు అనాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది. కానీ మీరు నా చోట ఉండి చూడండి. రెండు నెలలుగా నాకు పిచ్చి పడుతోందని లోపల్లోపల చచ్చిపోతున్నాను. ఒక పెద్దమనిషి వచ్చి అది పిచ్చి కాదు, వరం అంటున్నాడు. నాకు వెంటనే ఊపిరాడింది. నిజంగా వరమేనేమో అని కూడా అనుకున్నాను. నమ్మాలనుకున్నవాడికి నమ్మడం ఎంతసేపు?

ఆదివారం తాత ఆరాధనలో లేచి నిలబడి సంగతి అందరికీ చెప్పాడు. మార్తమ్మ నేలమీద సాగిలపడి ఏడుస్తూ ప్రార్థన చేసింది. ఆ ప్రార్థనకు ఆమెన్ చెప్పింది నేనే. తర్వాత నన్ను జాగా అంతా తిప్పారు. చెప్పిన చోటల్లా పడుకుని విన్నాను. మోసం చేయాలని కాదు, నిజంగానే ఒళ్లంతా చెవి చేసుకుని విన్నాను. తంగేడు పొదల పక్క మూలలో ఎక్కువగా ఉన్నట్టనిపించింది. అక్కడ గాలి తగలదు, అందుకే. "ఇక్కడ" అన్నాను. మగవాళ్లు అక్కడికక్కడే ముగ్గుపిండితో గీత గీశారు.

ఇంటికి రాగానే రత్నమ్మ తలుపు దగ్గరగా వేసింది.

"ఇంట్ల పడుకున్నప్పుడు గూడా మీకు వినపడ్తాంది గదా. మంచం కింద గూడా తవ్వమని చెప్పండి."

"నీకు విశ్వాసం లేదు" అన్నాను.

ఆమె కడవ తీసుకుని నీళ్లకు పోయింది. ఆ మాట అన్న నోటితోనే తర్వాతి ఆదివారం వాక్యం చెప్పాను.

తవ్వకం ఈస్టరు తర్వాత మొదలైంది. కూలికి పోయే ముందు కొంతసేపు, కూలినుంచి వచ్చాక పొద్దుగూకేదాకా. పగలంతా ఇంకొకరి చేలో వంగిన నడుములు మళ్లీ ఇక్కడ వంగేవి. ఆడవాళ్లు ఊరి బావి దగ్గర నిలబడి నిలబడి వచ్చి, ఆ కడవలు దించి, మట్టి తట్టలు ఎత్తేవాళ్లు. అయినా పాలెంలో నేనెన్నడూ అంత నవ్వు వినలేదు. ఎర్రమట్టి పోయింది, సుద్ద పోయింది, దానికింద పలకరాయి పడింది. మా నేలలో ఎక్కడ తవ్వినా చివరికి పలకే. పొరలుపొరలుగా లేస్తుంది, నల్లగా, నున్నగా, ఎండిపోయి. యాకోబు తాత వాటిలో మంచివి ఏరి అంచులు అరగదీసి బడికి పంపించాడు. పలకలు లేని పిల్లలందరికీ పలకలు వచ్చాయి. ప్రతిరోజూ పొద్దున్నే ఆ బావిలోంచి వచ్చిన పొడి రాళ్లమీద నేను అక్షరాలు దిద్దించేవాణ్ని. వేలు పెడితే వేలికి తడి అంటేది కాదు.

నన్ను అందరూ చూసే తీరు మారింది. ఎవరింట్లో పొట్టేలు కోసుకున్నా ముందు మాకొక కుండ కూర వచ్చేది. నేను నడిచి పోతుంటే పిల్లలు మాటలు ఆపేవాళ్లు, చెవికి అడ్డం రాకూడదని. సిగ్గు లేదా అంటే ఉంది. కానీ రొద అప్పుడు అంత బాధ పెట్టలేదు. అది ఒకటి నిజంగా ఒప్పుకోవాలి. జబ్బును మెచ్చుకునేవాళ్లు దొరికితే జబ్బు కూడా తేలికవుతుంది.

అది ఎక్కువకాలం సాగలేదు. ఎండలు ముదిరేసరికి రెండో చెవిలో కూడా మొదలైంది. పిల్లలు ఎక్కం చెప్తే సగం వినపడేది కాదు. ఒకసారి ఒక పిల్లను జవాబు చెప్పలేదని బెత్తంతో కొట్టాను. చెప్పిందని మిగతా పిల్లలు అన్నారు. ఆ పిల్ల ఏడవకుండా జవాబు మళ్లీ చెప్పింది, ఈసారి గట్టిగా, నా ముఖం చూస్తూ. జ్వరం తిరగబెడుతుందేమోనన్న భయంతో కొయినా ఇంకా ఎక్కువ మింగుతున్నాను. చివరికి ఒక ఆదివారం వాక్యం మధ్యలో కళ్లు తిరిగి పడిపోయాను. లేచేసరికి రత్నమ్మ ఒడిలో నా తల ఉంది.

"రేపు గుంటూరు పోతాన్నాం" అంది. "మీరు రాకపోతే ఒట్టు తీసి గట్టున పెట్టి, అందరికీ నేనే చెప్తా."

మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కాం. నా రొదకు రైలు రొద తోడైతే కాసేపు హాయిగా ఉంది, ఎందుకంటే బండిలో అందరికీ ఏదో ఒక రొద వినపడుతోంది, నేనొక్కడినే కాదు. గుంటూరు ఆసుపత్రి వరండాలో పొద్దున కూర్చుంటే మధ్యాహ్నమైనా పిలుపు రాలేదు. చెవులకు గుడ్డలు కట్టుకున్నవాళ్లు, చీము కారే పిల్లలు, వాళ్ల తల్లులు. నా పక్కన వినుకొండనుంచి వచ్చిన సాయిబు ఒకాయన, బాగా పెద్దవాడు. పూర్తిగా చెవుడు.

"ఏంది బాబూ నీ తకలీఫు?" అన్నాడు.

మెల్లగా చెప్పాను. వినపడలేదన్నాడు. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని ముందుకు వంగాడు. చేసేది లేక, "చెవిలో రొద! లేని రొద వినపడుతోంది!" అని అరిచాను. వరండా అంతా తిరిగి చూసింది. నెలల తరబడి దాచుకున్న సంగతి ముక్కూముఖం తెలియనివాళ్ల ముందు కేక వేసి చెప్పాను. భూమి చీలితే బాగుండుననిపించింది.

సాయిబు తృప్తిగా తల ఊపాడు. "అల్లా తమాషా చూడు బాబూ. నాకు ఉన్నది వినపడదు, నీకు లేనిది వినపడ్తాంది. మనిద్దర్నీ కలిపి ఒక మంచి మనిషిని చేయొచ్చు."

అందరూ నవ్వారు. ఎదురుగా కూర్చున్న ఒక తల్లి, "మా అల్లుడిక్కూడా అంతేనయ్యా, రాత్రుళ్లు చెవిలో కుమ్మరిపురుగు దూరినట్టుంటదంట" అంది. ఎవరూ నన్ను గుంజకు కట్టేయాల్సినవాణ్ని చూసినట్టు చూడలేదు. సాయిబు సంచిలోంచి ఖర్జూరాలు తీసి మా ఇద్దరికీ పెట్టాడు. రత్నమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. ఇంత సుళువా చెప్పుకోవడం అనుకున్నాను.

డాక్టరు ఒక ఇనుప పంగను మోగించి నా చెవి వెనక ఎముకకు ఆనించాడు. ఏం మందులు మింగావని అడిగాడు. కొయినా సంగతి చెప్తే ముఖం చిట్లించాడు. దానివల్ల కావచ్చు, జ్వరంవల్ల కావచ్చు, ఏమీ లేకుండా కూడా కొందరికి వస్తుంది, ఇదమిత్థంగా చెప్పలేం అన్నాడు. బయట ఏ శబ్దమూ లేదు, చెవిలోనే పుడుతున్నది అన్నాడు. పిచ్చి మాత్రం కాదని తనంతట తనే చెప్పాడు, నా ముఖం చూసి కనిపెట్టినట్టున్నాడు. కొయినా మానేస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోకపోవచ్చు. ఆయన చెప్పినట్టే అయింది. ఇప్పుడు ఎడమ చెవిలో దాదాపు లేదు, కుడిచెవిలో ఉంది. ఉన్నదని తెలిసి పడుకుంటాను, నిద్ర పడుతుంది. ఎవరైనా అడిగితే చెప్తాను.

అంత మంచి మాట విన్నాక లేచి దండం పెట్టి రావాల్సింది. నేను కూర్చునే ఉన్నాను.

"భూమిలో నీళ్ల శబ్దమేమైనా అయ్యే వీలుందాండీ?"

డాక్టరు కలం ఆపి నన్ను చూశాడు, తర్వాత రత్నమ్మను చూశాడు. రత్నమ్మ కిటికీ వైపు చూస్తోంది. "లేదు" అన్నాడు, పిల్లవాడికి చెప్పినట్టు మెల్లగా. తిరుగు రైల్లో రత్నమ్మ నాతో ఒకే మాట అంది: "పోయిన రోజే చెప్పండి. ఒక తట్ట మట్టి గూడా ఇంక ఎత్తనీయొద్దు."

దారంతా మాటలు పేర్చుకున్నాను. గుడిలో అందర్నీ కూర్చోబెట్టి, ముందు డాక్టరు మాట చెప్పి, తర్వాత క్షమాపణ అడిగి, ప్రార్థనతో ముగించాలని. అంతా వాక్యం చెప్పినట్టే పద్ధతిగా. పాలెం మొదట్లోనే యాకోబు తాత ఎదురొచ్చాడు.

"వచ్చినావా అయ్యా! మీరు పోయిన కాడ్నుంచి ఒకటే ప్రార్థన. చెవికేం గాలేదు గదా? ఆ చెవి మాకు ముఖ్యం."

రత్నమ్మ సంచి తీసుకుని ఇంటికి పోయింది. నన్ను తాత చెయ్యి పట్టుకుని బావి దగ్గరికి నడిపించాడు. మేము లేని రోజుల్లో వాళ్లు కూలి మానుకుని ఇంకొక మనిషి నిలువు లోతు దిగారు. నేను వచ్చేసరికి చెమ్మ చూపించాలని. చెమ్మ రాలేదు.

"నువ్వొకసారి లోపలికి దిగి విను. యా పక్కన వినపడ్తాందో చెప్తే ఆ పక్కకు పోతాం. రాయి ఎంత గట్టిదైనా మాకేం లెక్క లే."

నేను దిగుతాననలేదు, దిగననీ అనలేదు. మోకుకు కట్టిన పీటమీద కూర్చోబెట్టి నలుగురు పట్టుకుని దించారు. నల్లటి గోడలు పక్కలనుంచి పైకి పోతూ ఉన్నాయి, ప్రతి పొరమీదా గడ్డపార గాట్లు. ఒక్కొక్క గాటూ ఎవరిదో నాకు తెలిసిన చెయ్యి. కాళ్లు అడుక్కి తగిలాయి. చల్లగా ఉంది, పొడిగా ఉంది. గోడకు చెవి ఆనించక ముందే రొద మొదలైంది, అంత నిశ్శబ్దంలో ఇంకా పెద్దగా. తల ఎత్తితే గుండ్రంగా ఆకాశం, దాని అంచున చుట్టూ ముఖాలు.

"వినపడ్తాందా అయ్యా?"

"వినపడ్తాంది" అన్నాను. పైన ఎవరో స్తోత్రం అన్నారు.

"నీళ్లు కాదు తాతా. నా చెవిలో జబ్బు. మొదట్నుంచీ జబ్బే."

"ఏమన్నావయ్యా? సరిగా రాలే."

రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టం. గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాను. నేలలో ఏమీ లేదనీ, ఇంట్లో పడుకున్నా వినపడుతుందనీ, గుంటూరులో కూడా వినపడిందనీ, నాకు ముందే అనుమానమనీ. పద్ధతిగా పేర్చుకున్న మాట ఒక్కటీ రాలేదు. తర్వాత ముఖాలు ఒక్కొక్కటే అంచునుంచి తప్పుకున్నాయి. ఆకాశం మాత్రం మిగిలింది. నన్ను అక్కడే వదిలేసి పోతే బాగుండునని, దేవుడి తోడు, నిజంగా అనుకున్నాను.

మోకు బిగిసింది. లాగుతున్నారు. తొందర లేకుండా, గోడకు తగలకుండా, రాళ్లను లాగినట్టే జాగ్రత్తగా లాగారు. పైకి వచ్చాక తాత నా వీపుమీద రాతిపొడి దులిపాడు. మిగతావాళ్లు పలుగులూ తట్టలూ ఏరుకుంటున్నారు. ఒక్కరన్నా తిడతారేమోనని చూశాను.

"మొదట్లనే ఒక మాట చెప్పుంటే బాగుండె గదయ్యా" అన్నాడు తాత. అంతే. పలుగు భుజాన వేసుకుని ఇంటికి పోయాడు. వెనకనుంచి చూస్తే ఆ రోజు ఎంత ముసలివాడయ్యాడో తెలిసింది.

ఇంటికి పోతే తలుపు తీసి ఉంది, రత్నమ్మ లేదు. అన్ని రోజులు ఊళ్లో లేము గదా, ఇంట్లో చుక్క నీళ్లు లేవు, సంచి దించి అటునుంచి అటే ఊరి బావికి పోయింది. నాకు ఆ ఇంట్లో ఒక్కడినే కూర్చోవడానికి ముఖం చెల్లలేదు. మూలనున్న రెండో కడవ తీసి భుజాన పెట్టుకుని బయల్దేరాను. మగవాడు నీళ్ల కడవ మోస్తే మా పాలెం వారం రోజులు నవ్వుతుంది. ఆ సాయంత్రం ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్లుగా ఆ బావి నీళ్లు తాగుతున్నాను, నీళ్ల వేళకు అక్కడికి పోవడం అదే మొదలు.

బావికి ఎడంగా పాలెం ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. మార్తమ్మ ఉంది. ఆమెకు సంగతి అప్పటికే తెలిసినట్టుంది, నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చింది. గట్టుమీద ఊరి పెద్దరైతు కోడలు చేద లాగుతోంది. రత్నమ్మ కంటే చిన్నది. చెడ్డమనిషి కాదు, పిలిచి పోసే మనిషి.

"ఏం రత్నమ్మా, గుంటూరు పోయినారంట గదా. పంతులికి ఎట్లుంది? ఇంకొంచెం దూరం జరుగు, తుంపర్లు పడ్తాయి నా మీద."

"అట్లనే తల్లీ. మీ దయ" అంది రత్నమ్మ.

నడుము వంచి, కడవ ముందుకు జరిపి, తను వెనక్కి జరిగి అంది. సన్నగా, చిన్నపిల్ల గొంతులా. నన్ను నిలదీసే గొంతు నాకు తెలుసు, పాట పాడే గొంతు తెలుసు, ఏడ్చే గొంతు తెలుసు. ఈ గొంతు నేను ఎన్నడూ వినలేదు. ఆమె మాత్రం రోజుకు రెండు పూటలు ఆ గొంతుతోనే మాట్లాడి, నీళ్లు తెచ్చి, నాకు తాగడానికి ఇచ్చింది.

ఆ అమ్మాయి తల ఎత్తి నన్ను చూసింది. "అయ్యో, పంతులూ, నువ్వొచ్చినావేంది? కడవ ఆడ పెట్టి ఎడంగా నిలబడు, పోస్తా."

కడవ పెట్టి వెనక్కి జరిగాను.

"అట్లనే తల్లీ" అన్నాను.

నా నోట్లోంచి కూడా అదే గొంతు వచ్చింది. నేర్చుకోనక్కరలేకుండానే వచ్చింది. రత్నమ్మ అది తన చెవిన పడనట్టు తల పక్కకు తిప్పుకుని నిలబడింది.